శాలువా కప్పిన మర్నాడు: బెజవాడ, గుంటూరు సేవా క్లబ్బుల్లో కొత్త సభ్యుడికి దక్కేదేమిటి?

రోటరీ, లయన్స్ వంటి సేవా క్లబ్బులకు విజయవాడలోనూ గుంటూరులోనూ కొదవ లేదు. ఏటా వేదిక మీద కొత్త సభ్యుల పేర్లు చదువుతారు, చప్పట్లు కొడతారు, ఫొటో దిగుతారు. మరుసటి ఏడు అదే వేదిక మీద ‘పోయినేడు చేరినవాళ్లలో ఇంతమంది మిగిలారు’ అని మాత్రం ఎవరూ చదవరు. డబ్బు కట్టి చేరే మనిషికి ఈ క్లబ్బుల్లో ఎలాంటి ఆదరణ దొరుకుతోందో, పిలుపు అందిన రోజు నుంచి మొదటి ఏడాది నిండేదాకా చూసి రాసిన సమీక్ష ఇది. ఫలానా క్లబ్బు అని కాదు, రెండు ఊళ్లలోనూ కనబడే పద్ధతుల గురించి రాస్తున్నాం. మార్కులు ముందే చెప్పేస్తాం: చేర్చుకోవడానికి పదికి ఎనిమిది, నిలుపుకోవడానికి మూడు.

తేడా వచ్చిన ఆ అయిదు మార్కులూ డబ్బు దగ్గర పోలేదు. మనిషిని ఆదరంగా పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, చేతికి పని ఇవ్వని చోట పోయాయి.

పిలవడం మనవాళ్లకి బాగా వచ్చు. బీసెంట్ రోడ్డులో కొట్టు యజమాని పక్క కొట్టాయన్ని వెంటబెట్టుకొస్తాడు. సూర్యారావుపేట డాక్టరు తోటి డాక్టర్ని, గుంటూరు మిర్చి యార్డు కమీషన్ వ్యాపారి తన దగ్గర సరుకు కొనే ఎగుమతిదారుని తీసుకొస్తారు. పరిచయం మీద వచ్చిన మనిషి నమ్మకంతో వస్తాడు. లోపం ఏమిటంటే, చాలాచోట్ల ఏమీ చూడకముందే దరఖాస్తు మీద సంతకం అడుగుతారు. కనీసం రెండు మీటింగులకు అతిథిగా, ఒక సేవా కార్యక్రమానికి చేతిసాయంగా పిలిచి, ఆ తర్వాతే ఫారం ఇవ్వాలి. ఈ మూడు సార్లూ వచ్చినవాడు చేరితే నిలబడతాడు. మూడో దానికి రాకపోతే చేరకపోవడమే ఇద్దరికీ మంచిది.

ఇక చేర్చుకునే సమయం. రెండు సంస్థలకీ సంవత్సరం జులై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది కాబట్టి పదవీ స్వీకారాలు ఎక్కువగా జులైలోనే పడతాయి. జులై అంటే మనకి చాలా ఏళ్లు ఆషాఢం. ముహూర్తాలుండవు, కల్యాణ మండపాలు ఖాళీగా దొరుకుతాయి, అద్దె దగ్గర బేరం కుదురుతుంది. క్లబ్బుకి ఇది కలిసొచ్చేదే. చేరే మనిషి ఇంట్లో పెద్దవాళ్లు మాత్రం శూన్యమాసంలో కొత్త పని ఎందుకంటారు. ‘శ్రావణం రానివ్వండి’ అని ఎవరైనా అంటే దాన్ని తప్పించుకోవడంగా తీసుకోకూడదు. ఆ పేరు డైరీలో రాసుకుని శ్రావణ మాసం మొదటి వారంలో మళ్లీ ఫోన్ చేస్తే చాలు. ఇంత చిన్న పని చేయక పోగొట్టుకునే మంచి సభ్యులు చాలామందే ఉంటారు.

పదవీ స్వీకారం రోజునే కొత్తవాళ్లందర్నీ కలిపి చేర్చుకోవడం మాకు అసలు నచ్చని పద్ధతి. ముఖ్య అతిథి ప్రసంగం, పాత అధ్యక్షుడి నివేదిక, శాలువాలు, మెమెంటోలు అయ్యేసరికి రాత్రి తొమ్మిదిన్నర దాటుతుంది. అప్పుడు పది పన్నెండు మందిని వరసలో నిలబెట్టి ప్రమాణం చదివిస్తారు. వెనక బఫే దగ్గర ప్లేట్ల చప్పుడు అప్పటికే మొదలై ఉంటుంది. ఇంటిపేరు తప్పు చదువుతారు. మర్నాడు రోడ్డు మీద ఎదురైతే ఆ పన్నెండు మందిలో ఇతనెవరో పాతవాళ్లు గుర్తుపట్టలేరు. మామూలు మీటింగులో, మొదటి అంశంగా, ఒకసారికి ముగ్గురికి మించకుండా చేర్చుకుంటే మనిషికి ఏడు నిమిషాలు సరిపోతాయి. తీసుకొచ్చిన స్పాన్సర్ రెండు నిమిషాలు మాట్లాడాలి: ఏం పని చేస్తారు, ఏ పేటలో ఉంటారు, ఏ పని చేతనవును. చదువు, డిగ్రీలు, బంధుత్వాలు అక్కర్లేదు. ప్రమాణం, చొక్కాకి పెట్టే క్లబ్బు గుర్తు పిన్ను, భార్యనో భర్తనో పక్కన నిలబెట్టి ఒక ఫొటో, చివర కొత్త సభ్యుడి నోటి నుంచి ఒక్క నిమిషం మాట. ఈ చివరి నిమిషాన్నే అందరూ కోసేస్తారు. ఏది పోయినా అది పోకూడదు.

పిన్ను గురించి ఒక మాట. వెనక సూది, చిన్న బిళ్ల ఉండే రకం పల్చటి కాటన్ చొక్కాకి నిలవదు, బిళ్ల జారిపోయి పిన్ను పోతుంది. పట్టుచీరకైతే చిల్లు పడుతుంది. అయస్కాంతం పిన్నులు కాస్త ఖరీదెక్కువైనా ఆడవాళ్లకి అవే ఇవ్వాలి. గుండెకి పేస్‌మేకర్ పెట్టించుకున్నవారికి మాత్రం అయస్కాంతం వద్దు, అది అడిగి తెలుసుకోవాలి. ఫ్రేము కట్టించిన పెద్ద సర్టిఫికెట్టు, క్లబ్బు పేరు అచ్చేసిన బ్యాగు వల్ల ఉపయోగం లేదు. వాటికయ్యే ఖర్చులో చిన్న భాగంతో మూడు కాగితాలు తయారవుతాయి. సభ్యుల ఫొటో, వృత్తి, పేట, ఫోన్ నంబరు ఉన్న జాబితా ఒకటి. ఏడాది కార్యక్రమాల పట్టిక ఒకటి. మూడోది పొట్టి మాటల చీటీ. డీజీ (జిల్లా గవర్నరు), పీడీజీ (మాజీ జిల్లా గవర్నరు), పీహెచ్ఎఫ్, ఎంజేఎఫ్ (విరాళాలకిచ్చే గుర్తింపులు), ఆన్స్ (సభ్యుల భార్యలు), యానెట్స్ (వాళ్ల పిల్లలు) అని అందరూ మాట్లాడుతుంటే కొత్తవాడు నవ్వుతూ తలూపుతాడు గానీ ఒక్కటీ అర్థం కాదు. నాలుగు మీటింగులు అలా తలూపాక అయిదో దానికి రాడు.

డబ్బు సంగతి ముందే కాగితం మీద పెట్టే క్లబ్బులు తక్కువ. నోటిమాటగా ‘ఏడాదికి ఇంత’ అంటారు. చేరాక ఒక్కొక్కటే బయటకొస్తాయి: మీటింగు భోజనం, ఫెలోషిప్ (సభ్యుల విందు కూటమి) వాటా, ప్రాజెక్టు విరాళం, జిల్లా సదస్సు రిజిస్ట్రేషన్, బస ఖర్చు. మోసం చేయాలని కాదు, పాతవాళ్లకి అలవాటైపోయి అవి ఖర్చులని గుర్తే ఉండదు. ఒకే పేజీ మీద గీత గీసి, ఎడమ పక్క తప్పనిసరివి, కుడి పక్క ఇష్టముంటే ఇచ్చేవి రాసి, దరఖాస్తుతోపాటే ఇవ్వాలి. పీహెచ్ఎఫ్, ఎంజేఎఫ్ రెండూ కుడి పక్కవే. రోటరీ ఫౌండేషన్‌కి వెయ్యి డాలర్లు ఇచ్చినవారికి పాల్ హారిస్ ఫెలో, లయన్స్ ఫౌండేషన్‌కి వెయ్యి డాలర్లు ఇచ్చినవారికి మెల్విన్ జోన్స్ ఫెలో గుర్తింపు దక్కుతుంది. మన రూపాయల్లో ఎనభై వేలు దాటే మాట. చేరిన మొదటి ఏడాది ఎవర్నీ దాని గురించి అడగకూడదని క్లబ్బు తీర్మానం చేసుకుంటే మేలు. పెద్ద మనుషుల ముందు కాదనలేక ఒప్పుకున్నవాడు ఆ ఏడాది చివర చెప్పకుండానే మానేస్తాడు. ఇంకో గందరగోళం: చందా వేరు, విరాళం వేరు. సభ్యత్వ చందాకి ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. అర్హత ఉన్న ట్రస్టుకో ఫౌండేషన్‌కో ఇచ్చిన విరాళానికే ఆ మినహాయింపు రసీదు వస్తుంది, అదీ రెండు వేలు దాటితే నగదుగా ఇవ్వకూడదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఆ మినహాయింపు కూడా లేదు. కోశాధికారి ఈ నాలుగు మాటలూ ముందే చెబితే మార్చి నెలలో మాటలు పెరగవు.

దంపతులిద్దరూ చేరేటట్లయితే లయన్స్‌లో ఒక వెసులుబాటుంది. ఒకే ఇంట్లో ఉంటున్న కుటుంబంలో ఒకరు పూర్తి అంతర్జాతీయ చందా కడితే, ఇంకో నలుగురి దాకా సగమే కట్టొచ్చు. అడిగితే గానీ దీని గురించి చెప్పని చోట్లు ఉన్నాయి. అడగండి.

స్పాన్సర్ చాలడు. మన ఊళ్లలో స్పాన్సర్ సాధారణంగా పేరున్న పెద్దాయన. ఆయన ఇంకో పది సంఘాల్లో ఉంటాడు, కొత్తవాణ్ని చేర్పించి తన వంతు అయిందనుకుంటాడు. అందుకని ఇంకొకర్ని తోడు వేయాలి. గత రెండు మూడేళ్లలో చేరినవాడై, ఆ వైపే ఉండేవాడై ఉండాలి. పటమటలో ఉండే మనిషికి పటమట మనిషినే వేస్తే గాంధీనగర్ మీటింగుకి ఒకే బండి మీద వస్తారు. ఆ ప్రయాణంలో అడిగే ప్రశ్నలు మీటింగులో ఎవరూ అడగరు. తోడుకి పని ఆర్నెల్లు: మీటింగు రోజు పొద్దున ఫోన్, మొదటి నాలుగు మీటింగుల్లో పక్క కుర్చీ, వెళ్లిన ప్రతిసారీ ముగ్గురు కొత్త ముఖాలని పరిచయం చేయడం. ఒక్కరికి ఇద్దరి కంటే ఎక్కువమందిని అప్పగిస్తే ఎవర్నీ చూసుకోలేడు. ఇదంతా పైసా ఖర్చు లేని పని. అయినా మేము తక్కువ మార్కులు వేసింది ఎక్కువగా ఇక్కడే.

అసలు విషయం పని. చేరిన ముప్ఫై రోజుల్లోపు కొత్త సభ్యుడి పేరు మీద ఒక పని ఉండాలి. ఆ పని ఒక్క రోజులో పూర్తి కావాలి, ఫలితం కళ్లకి కనబడాలి, అతను రాకపోతే ఆ లోటు తెలియాలి. ‘అన్నిట్లో ఉండండి’ అంటే ఏ ఒక్క దాంట్లోనూ లేనట్టే.

రక్తదాన శిబిరం ఇందుకు చాలా బాగా సరిపోతుంది. రిజిస్ట్రేషన్ బల్ల కొత్తవాడికి ఇవ్వండి. వయసు 18 నుంచి 65, బరువు 45 కిలోలకు తగ్గకూడదు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. కిందటిసారి ఇచ్చి మగవాళ్లయితే 90 రోజులు, ఆడవాళ్లయితే 120 రోజులు దాటి ఉండాలి. హిమోగ్లోబిన్ పరీక్ష రక్తనిధి సిబ్బంది చూసుకుంటారు. మిగతావి బల్ల దగ్గరే అడిగితే గంట సేపు వరసలో నిలబడ్డాక వెనక్కి పంపే బాధ తప్పుతుంది. ‘ఏమన్నా తిన్నారా?’ అన్నది కూడా అక్కడే అడగాలి. శనివారం ఒంటిపూట ఉండేవాళ్లు మన దగ్గర చాలామంది, ఖాళీ కడుపుతో ఇచ్చి కళ్లు తిరిగి పడిపోతారు. శిబిరం ఆదివారం పెట్టుకుని, బల్ల పక్కన ఇడ్లీ ఏర్పాటు చేస్తే ఆ గొడవ ఉండదు. సాయంత్రానికి ఎన్ని యూనిట్లు వచ్చాయో కొత్తవాడికి తెలుస్తుంది, ఎందర్ని ఆపాడో కూడా తెలుస్తుంది. ఆ లెక్క ఇంటికెళ్లి చెప్పుకుంటాడు.

కంటి శిబిరాల్లో ఇంకా మంచి పని దాగి ఉంది. 1925లో అమెరికాలోని సీడార్ పాయింట్‌లో జరిగిన లయన్స్ మహాసభలో హెలెన్ కెల్లర్ అంధుల పక్షాన నిలబడమని అడిగింది మొదలు కంటి సేవ ఆ సంస్థకి ప్రధానమైంది. మనకి పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి, తాడిగడపలో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి దగ్గర్లోనే ఉన్నాయి. శిబిరం రోజు హడావుడిలో కొత్తవాడు కుర్చీలు సర్దడంతో సరి. శుక్లం ఆపరేషన్ అయినవాళ్ల జాబితాలోంచి పదిమందిని అతనికి అప్పగించి చూడండి. మర్నాడు, వారానికి, నెలకి ఫోన్ చేసి చుక్కలు వేసుకుంటున్నారా, మళ్లీ చూపించుకోవడానికి వెళ్లారా అని అడగాలి. తలస్నానం ఎప్పుడు, చుక్కలు ఎన్నిసార్లు అన్నది ఆసుపత్రి ఇచ్చిన చీటీ చూసే చెప్పాలి, సొంత సలహాలు వద్దు. నెల తిరిగేసరికి ఏదో పల్లె నుంచి ఒక ముసలావిడ ‘బాబూ, బియ్యంలో రాళ్లు కనపడతన్నాయి’ అంటుంది. ఆ మాట విన్న సభ్యుణ్ని నిలబెట్టుకోవడానికి క్లబ్బు ఇంకేమీ చేయనక్కర్లేదు.

చలివేంద్రం మాత్రం కొత్తవాడి ఒక్కడి నెత్తిన పెట్టొద్దు. ఉగాది వెళ్లాక రిబ్బను కత్తిరించి ప్రారంభిస్తారు, మొదటి రోజు మజ్జిగ, ఫ్లెక్సీ, ఫొటోలు. వారం తిరక్కుండానే ఇరవై లీటర్ల టిన్నులు తెచ్చేవాడు రాడు, గ్లాసు మాయమవుతుంది, కుండ కింద ఇసుక ఎండిపోతుంది. బెజవాడ ఎండకి మధ్యాహ్నం రెండుసార్లు నింపకపోతే నీళ్లుండవు. వారానికి ఏడుగురి పేర్లు, రోజుకొకరు, టిన్నుల వాడి నంబరు గోడ మీద. ఈ పట్టికలో కొత్తవాడికి ఒక రోజు ఇస్తే చాలు. మీరు ఏ క్లబ్బులో చేరాలా అని ఆలోచిస్తుంటే మేము చెప్పే పరీక్ష కూడా ఇదే. ఆ క్లబ్బు చలివేంద్రానికి ప్రారంభించిన పదో రోజు మధ్యాహ్నం మూడింటికి వెళ్లండి. కుండలో నీళ్లుంటే ఆ క్లబ్బు కొత్త సభ్యుణ్ని కూడా చూసుకుంటుంది.

చేసిన పనికి పేరు రావడం దగ్గర మరో పొరపాటు. ఫొటోలో ముందు వరస అతిథులది, పని చేసినవాళ్లు చివర సగం ముఖంతో కనబడతారు. పేపర్ జిల్లా పేజీకి పంపే ప్రెస్ నోట్‌లో పదవులున్నవాళ్ల పేర్లతోనే స్థలం నిండిపోతుంది. కొత్త సభ్యుడి పేరు రెండో వాక్యంలోనే రాయండి, కింద కోసినా అది ఉంటుంది. వాట్సాప్ గ్రూపులు రెండు పెట్టాలి: ప్రకటనలకు అడ్మిన్లు మాత్రమే రాయగలిగేది ఒకటి, శుభోదయాలకీ పుట్టినరోజులకీ ఇంకొకటి. ఒకే గ్రూపులో శుభాకాంక్షల కింద మీటింగు చోటు మారిందన్న కబురు పూడిపోతే, పాత చోటికి వెళ్లి తాళం చూసి తిరిగొచ్చేది కొత్తవాడే.

రోటరీ మొదటి సమావేశం 1905 ఫిబ్రవరి 23న షికాగోలో నలుగురితో జరిగింది. పాల్ హారిస్ లాయరు, మిగతా ముగ్గురిలో ఒకరు బొగ్గు వ్యాపారి, ఒకరు గనుల ఇంజనీరు, ఒకరు దర్జీ వ్యాపారి. వారం వారం ఒకరి తర్వాత ఒకరి ఆఫీసులో కలిసేవారు కాబట్టి ఆ తిరగడం నుంచే రోటరీ అన్న పేరు పుట్టింది. ఆ నలుగురిలోనే ఇద్దరు ఎక్కువ కాలం కొనసాగలేదు. నిలుపుకోవడం మొదటి రోజు నుంచీ కష్టమే అన్నమాట. కానీ ఆ తిరిగే పద్ధతి మనం వదిలేసుకోవడం నష్టం. మూడు నెలలకొక మీటింగు కొత్త సభ్యుడి చోట పెట్టి చూడండి: ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే షెడ్డులోనో, యార్డు దగ్గర కోల్డ్ స్టోరేజీలోనో. హోటల్ భోజనం ఖర్చు మిగులుతుంది. అతను ఏం పని చేస్తాడో అందరికీ తెలుస్తుంది. తన చోటికి నలభై మంది వచ్చి కూర్చున్నాక అతను పరాయివాడు కాదు.

వృత్తిని బట్టి కాలం చూసుకోవాలి. మిర్చి వ్యాపారికి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఊపిరాడదు. లెక్చరర్లకి మార్చి పరీక్షలు. చార్టర్డ్ అకౌంటెంటుకి జులై, సెప్టెంబరు నెలాఖర్లు గడువులు, అలాంటివారిని జులైలోనే కోశాధికారిగా కూర్చోబెడితే లెక్కలు వెనకపడతాయి. డాక్టర్లకి సాయంత్రం ఓపీ, కొట్ల వాళ్లు షట్టరు దించేసరికి రాత్రి తొమ్మిదిన్నర. దసరా నవరాత్రుల్లో వన్‌టౌన్ వైపు మీటింగు పెట్టుకోవడమే పొరపాటు. రోటరీ ప్రామాణిక నియమావళిలో ఆర్నెల్లకి కనీసం సగం మీటింగులకు హాజరు కావాలని ఉంది, కారణం చెప్పకుండా వరసగా నాలుగు మానేస్తే సభ్యత్వం పోవచ్చు. క్లబ్బులు తమ ఉపనియమాల్లో దీన్ని సడలించుకోవచ్చు. వేరే క్లబ్బు మీటింగుకి వెళ్లినా, సేవా కార్యక్రమంలో పనిచేసినా హాజరుగా లెక్కించుకోవచ్చు. ఈ సంగతి కొత్తవాడికి చెప్పరు. మూడు మానేసినవాడు సిగ్గుపడి నాలుగోది కూడా మానేస్తాడు. రెండోది మానేసినప్పుడే తోడు ఇంటికి వెళ్లి కాఫీ తాగి రావాలి, ఫోన్ చాలదు.

ఆడవాళ్ల విషయంలో రెండు ఊళ్లూ ఇంకా వెనకే ఉన్నాయి. లయన్స్ 1987లో, రోటరీ 1989లో స్త్రీలకి సభ్యత్వం ఇచ్చాయి. ఇప్పటికీ చాలా వేదికల మీద కొత్తగా చేరినావిడకి దక్కేది ప్రార్థన పాడటం, బొకేలు అందించడం. ఆవిడకి బ్యాంకులో ఇరవై ఏళ్ల అనుభవం ఉంటే ప్రాజెక్టు బడ్జెట్ అప్పగించాలి. ఫెలోషిప్ పేరుతో మందు ఉండే కూటములు ఇంకో అడ్డంకి. అవి పెట్టుకునేవాళ్లు విడిగా పెట్టుకోవచ్చు గానీ, కొత్త కుటుంబాలని పిలిచే కూటమిలో అది ఉండకూడదు. ఒకసారి ఇబ్బంది పడిన ఇల్లాలు రెండోసారి భర్తని కూడా పంపదు. మంగళ, గురు, శనివారాల్లో వడ్డన శాకాహారమే పెడితే చెప్పకుండా పస్తు ఉండేవాళ్లు ఉండరు.

ఇక వెళ్లిపోయేవాళ్లు. రోటరీలో జులై 1న, జనవరి 1న జాబితా ఎలా ఉంటే క్లబ్బుకి బిల్లు అలా వస్తుంది. అందుకని కార్యదర్శులు జూన్, డిసెంబరు నెలాఖర్లో పేర్లు కొట్టేస్తారు. అంతకు నెల ముందే అధ్యక్షుడు స్వయంగా ఆ మనిషికి ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగాలి: ఏం నచ్చలేదు, ఏ పని ఇస్తే ఉంటారు. జవాబు రాసి బోర్డులో చదవాలి. ఉద్యోగం మారి, పిల్లల చదువుల కోసం హైదరాబాద్ వెళ్లిపోయేవాళ్లు గుంటూరులో తక్కువేం కాదు. వాళ్లని వదులుకున్నట్టు చూడకూడదు. రోటరీలో కొత్త ఊరి క్లబ్బు పాత బాకీలు లేవని కాగితం అడుగుతుంది. అది వెళ్లే ముందే టైపు చేయించి, సంతకం పెట్టి, ఆ ఊళ్లో తెలిసిన సభ్యుడి ఫోన్ నంబరు వెనక రాసి చేతికివ్వండి.